నూటికి తొంభై ఏడు

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది గానీ, ఆయన ఎర్ర కలం ఇంకా సర్వీసులోనే ఉంది. వాచ్‌మన్ భార్య వేసే ముగ్గుకు, లిఫ్టు మెకానిక్ చేసే మరమ్మతుకు, చివరికి కాకి అరుపుకు కూడా మార్కులు వేస్తారు. ఉగాదికి నేను పంపిన పులిహోరకు నూటికి యాభై ఎనిమిది వచ్చాయి. "పోపు సరిగ్గానే ఉందమ్మా. చింతపండు స్టెప్పు వదిలేసి నేరుగా జవాబు రాసేశావు" అన్నారు.

అలాంటి మనిషికి ఎమ్మెల్యేగారు మా వీధికి వస్తున్నారని తెలిస్తే చెయ్యి ఊరుకుంటుందా? మా వెనక గెడ్డ మీద, అంటే వాననీటి కాలువ మీద, కట్టిన కల్వర్టుకు ప్రారంభోత్సవమట. విశాఖ నగరంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అంటూ దిక్కుకొక అసెంబ్లీ నియోజకవర్గం ఉంది. మాది ఏ దిక్కో చెప్పను. గట్టి వాన పడితే సెల్లారులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దిక్కులు చూసేవాళ్ళమని మాత్రం చెబుతాను. పార్టీ రంగు కూడా చెప్పను. చెబితే సగం మంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు.

"ఐదేళ్ళకోసారి వేలికి సిరా పూయించుకుని వచ్చేస్తున్నాం. ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో చూడకుండా పై తరగతికి పంపేయడమే కదా ఇది" అని మాస్టారు తెల్లకాగితం మీద రెండు గడులు గీశారు. ఒకటి ప్రజాసేవ, రెండోది పార్టీసేవ. దేనికి దానికి నూరు మార్కులు. ప్రోగ్రెస్ కార్డును ఫ్లెక్సీగా వేయించి గేటుకు కట్టాలి, ఎమ్మెల్యేగారు దిగగానే చదువుకోవాలి. ఇదీ పథకం.

అసోసియేషన్ కార్యదర్శి మా ఆయనే. ఆ పదవికి ఇంకెవరూ నిలబడకపోవడంతో ఏకగ్రీవంగా ఎన్నికైన నాయకుడు. ఎవరేమడిగినా "అలాగే" అంటారు కాబట్టి అన్ని అంతస్తుల్లోనూ ఆయనకు మద్దతు ఉంది. పని జరిగిన అంతస్తు మాత్రం నాకింతవరకు కనిపించలేదు. మాస్టారికీ "అలాగే" అన్నారు.

ఆదివారం సాయంత్రం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మాస్టారు హాజరుతో మొదలుపెట్టారు. "డెబ్బై అయిదు శాతం లేకపోతే హాల్ టికెట్టే ఇవ్వను."

నాలుగో అంతస్తు లాయరుగారు గొంతు సవరించుకున్నారు. "రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు మాస్టారూ. సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు."

"ఏడాదికి సభ ఎన్నాళ్ళు నడుస్తుంది?"

"ఈ మధ్యకాలంలో అరవై రోజులు నడిచిన ఏడాది నాకు గుర్తులేదు."

మాస్టారు కలానికి మూత పెట్టేశారు. "బడే తెరవనప్పుడు పిల్లవాడు ఎగ్గొట్టాడని ఏ మొహం పెట్టుకుని రాస్తాం?"

అప్పుడు మూడో అంతస్తు పిన్నిగారు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ మా సెల్లారులో జవాబు లేదు. "రత్నాచల్ ఎక్కితే విజయవాడకే ఆరు గంటలు. అక్కడి నుంచి అసెంబ్లీ ఉన్న వెలగపూడి. ఆయన సభకు వెళితే ఇక్కడ దొరకడం లేదని మనమే తిడతాం, ఇక్కడే తిరుగుతుంటే సభకు వెళ్ళడం లేదనీ మనమే తిడతాం. అసలు మనకు ఆయన ఎక్కడ ఉండాలి?"

హాజరు పక్కన పెట్టి ప్రజాసేవకు వచ్చారు. నిజమైన రగడ అక్కడే. మా గెడ్డలో పూడిక తీయించినందుకు ఒకటో అంతస్తు కాంట్రాక్టరుగారు ఎనభై అయిదు వేశారు. ఐదో అంతస్తు బట్టల వ్యాపారి ఎనిమిది వేశారు. తీసిన పూడికను గట్టు మీదే వదిలేశారనీ, వాన పడగానే పాలిథిన్ సంచులు, కొబ్బరి బోండాలు, ఎడమకాలి చెప్పు ఒకటి, అన్నీ క్షేమంగా మళ్ళీ గెడ్డలోకి దిగిపోయాయనీ ఆయన వాదన. పూడిక తీసిన మాట నిజం. తిరిగి పడిన మాటా నిజం. మాస్టారు తన పాత డైరీ తిరగేసి చూపించారు. వెనకటి ఎమ్మెల్యే వేరే పార్టీవారు. అప్పుడు ఇదే గెడ్డకు కాంట్రాక్టరుగారు వేసింది ఎనిమిది, బట్టల వ్యాపారి వేసింది ఎనభై అయిదు. ఆ చెప్పు కూడా అదేనని వాచ్‌మన్ అంటాడు గానీ, దానికి రుజువు లేదు.

"మీరిద్దరూ మార్కులు వేస్తున్నది ఎమ్మెల్యేకు కాదు, జెండాకు" అని మాస్టారు రెండూ కొట్టేశారు. ఇద్దరూ అలిగి కుర్చీలు చెరో దిక్కుకు తిప్పుకున్నారు.

పిన్నిగారు మాత్రం ఉదారంగా ఇరవై వేశారు. "ఫోను చేస్తే ఎత్తుతారు. పని కాదనుకోండి. కానీ ఎంత మర్యాదగా కాదంటారో! మా అమ్మాయి పెళ్ళికి కూడా వచ్చారు."

"ఎంతసేపు ఉన్నారు?"

"ఫొటో దిగినంతసేపు."

"శాసనసభ్యుడి పని శాసనాలు చూడడం, బడ్జెట్ మీద నిలదీయడం" అని లాయరుగారు అందుకున్నారు. "గెడ్డ కార్పొరేషన్ పని. పెళ్ళి మీ ఇంటి పని."

"మరి ఓట్లకు వచ్చినప్పుడు గెడ్డ నేను చూసుకుంటానని ఆయనెందుకు అన్నారు?"

"బడ్జెట్ పద్దుల మీద చర్చిస్తానంటే మీరు ఓటు వేసేవారా అమ్మా?"

ఆ సమయానికి మిరపకాయ బజ్జీలు రావడం పిన్నిగారి అదృష్టం.

పార్టీసేవ గడి సులువుగా తేలిపోతుందనుకున్నాం. అక్కడ లాయరుగారు అసలు పుస్తకం విప్పారు. హర్యానాలో 1967లో గయాలాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. అలాంటి గెంతుల తరువాత, 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్, అంటే ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం, జారీ చేశాక దానికి వ్యతిరేకంగా ఓటు వేసినా, ఓటు వేయకుండా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా సభ్యత్వానికే ముప్పు. పదిహేను రోజుల్లోగా పార్టీ మన్నిస్తే బతికిపోతారు. మొదట్లో మూడోవంతు మంది కలిసి చీలితే తప్పయ్యేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకోవాలి.

మాస్టారి మొహం వెలిగింది. "అంటే ఒక్కడు కాపీ కొడితే డిబారు, తరగతిలో ముప్పాతిక మంది కొడితే పాసు!"

"ముప్పాతిక కాదు, మూడింట రెండు వంతులు."

లెక్కల మాస్టారికి భిన్నాలు దిద్దిన తృప్తి లాయరుగారి మీసంలో కనిపించింది. మాస్టారు దాన్ని గమనించనట్టు నటిస్తూ, "విప్ ఉన్న చోట అందరికీ నూటికి నూరే. అందరికీ నూరు వచ్చిందంటే ఆ పేపరు లీకైనట్టే" అన్నారు. ఆ సాయంత్రం సెల్లారులో పుట్టిన మాటల్లో ఇదొక్కటే దాచుకోదగ్గదని నా అభిప్రాయం. సభలో ఆయన చెయ్యెత్తినప్పుడు ఆ చెయ్యి ఎవరిదో మనకు తెలిసే వీలు లేదు. అందుకే మనం గెడ్డ దగ్గరా, పెళ్ళి పందిట్లోనూ వెతుక్కుంటున్నాం.

పోర్టులో పనిచేసి విరమించిన బాబాయిగారు అంతవరకు బజ్జీ మీదే దృష్టి పెట్టి ఉన్నారు. ఇప్పుడు చెయ్యి తుడుచుకున్నారు. "1967లో మన తెన్నేటి విశ్వనాథంగారు ఇక్కడి నుంచి లోక్‌సభకు స్వతంత్రుడిగా గెలిచారు. అంతకు ముందు ఏడాదే 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఊరు ఊరంతా కదిలింది. ఆ ఉద్యమానికి ముందు నడిచిన పెద్దమనిషి. ఆయనకు విప్ ఇచ్చేవారెవరు? ఏ పార్టీ ఇస్తుంది? ఆయనకు మీ రెండో గడిలో ఎన్ని వేస్తారో వేయండి చూద్దాం."

మాస్టారు కలం గాల్లో ఆగిపోయింది. "సున్నా వేయాలి."

"ఆ సున్నాతోనే ఆయన పేరు పార్కుకు పెట్టారు!"

"తెన్నేటి పార్కా? 2020లో ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోటే కదా?" అన్నాడు ఐదో అంతస్తు కుర్రవాడు. "తెన్నేటి అంటే ఆ ఓడ పేరనుకున్నాను." బాబాయిగారు ఆ పూట ఇంకో బజ్జీ ముట్టలేదు.

లాయరుగారికి మాత్రం ఊపు వచ్చింది. 1774లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ఓటర్ల ముందు ఎడ్మండ్ బర్క్ అనే పార్లమెంటు సభ్యుడు నిలబడి, ప్రతినిధి మీకు తన శ్రమనే కాదు, తన వివేచనను కూడా ఇవ్వాలని, మీ అభిప్రాయం కోసం దాన్ని వదులుకుంటే మీకు ద్రోహం చేసినట్టేనని చెప్పిన వైనం వివరించారు. మూడో గడి గీసి 'వివేచన' అని పేరు పెట్టమన్నారు.

"ఆ తరువాత ఆయన మళ్ళీ గెలిచారా?" అని పిన్నిగారు ఆరా తీశారు.

"1780లో బ్రిస్టల్‌లో ఓటమి ఖాయమని తెలిసి పోటీ నుంచి తప్పుకున్నారు."

"అయితే ఆ గడి వద్దు మాస్టారూ. పాపం, మన కార్డు చూసి ఈయన కూడా ఎక్కడ తప్పుకుంటారో!"

చీకటి పడే వేళకు ప్రజాసేవలో 31, పార్టీసేవలో 97 ఖాయమయ్యాయి. 31 ఎలా వచ్చిందో నాకు తెలియదు. సరాసరి తీశారన్నారు. ఎనిమిదీ ఎనభై అయిదూ కొట్టేశాక దేని సరాసరి తీశారో మాస్టారికే తెలియాలి. 97కు మాత్రం స్పష్టమైన లెక్క ఉంది. పార్టీ బహిరంగ సభలో అధినేత మాట్లాడుతుండగా వేదిక మీద మన ఎమ్మెల్యేగారు ఆవులించడం బాబాయిగారు టీవీలో కళ్ళారా చూశారు. అందుకు మూడు తగ్గాయి.

మా ఆయన ఆ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి, జంక్షన్‌లో ఫ్లెక్సీలు వేసే కుర్రవాడికి వాట్సాప్‌లో పంపి, "రేపు పొద్దున్నకల్లా గేటుకు కట్టాలి" అన్నారు. అవతలి నుంచి "అలాగే సార్" అని వచ్చింది. ఇద్దరు "అలాగే"ల మధ్య ఒక పని పడితే ఏమవుతుందో నాకు తెలిసి ఉండాల్సింది గానీ, అప్పటికి నేను బజ్జీల గిన్నెలు తోముతున్నాను.

తెల్లవారి తులసికి నీళ్ళు పోస్తూ బాల్కనీలోంచి చూస్తే గేటు కనబడలేదు. గేటు ఉండాల్సిన చోట ఎమ్మెల్యేగారు రెండు చేతులూ జోడించి నిలువెత్తున నవ్వుతున్నారు. పైన గుండ్రటి గడుల్లో పార్టీ పెద్దలు, వారి కింద ఇంకొంచెం చిన్న గడుల్లో ఇంకొంచెం చిన్న పెద్దలు. వెనక కైలాసగిరి శివపార్వతులు, పక్కన కురుసుర జలాంతర్గామి. నడుమ బంగారు అక్షరాలతో "పార్టీసేవలో నూటికి 97 మార్కులు సాధించిన మన ప్రియతమ నాయకులకు హృదయపూర్వక అభినందనలు." కుడివైపు మూల "ఇట్లు, అపార్ట్‌మెంటు వాసులు" అని, దాని మీద మా ఆయన. అరకు వెళ్ళినప్పటి ఫొటో, నల్ల కళ్ళద్దాలు, చెవి దగ్గర సెల్‌ఫోను. నిజానికి ఆ చేతిలో ఉన్నది బొంగులో చికెన్. కుర్రవాడు దాన్ని చెరిపేసి ఫోను అతికించాడు. ఫోను ఉంటే నాయకుడి కళ వస్తుందట.

కిందికి పరుగెత్తి అడిగాను. "ప్రజాసేవ గడి ఏమైంది బాబూ?"

"చోటు చాలలేదమ్మా" అన్నాడు నిచ్చెన మీది నుంచి. "పైన పెద్దల ఫొటోలు పెట్టాలి కదా. ఒక్కరిది తగ్గినా నా మీదికి వస్తారు. ఆ ముప్పై ఒకటి అంకె ఎలాగూ చిన్నది కదా అని తీసేశాను."

ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించింది మన విశాఖలోనే కదా, అదైనా చెప్పి దింపించేద్దామనుకున్నాను. "ఇది గుడ్డేనమ్మా, పట్టుకుని చూడండి" అన్నాడు. పట్టుకుని చూశాను. గుడ్డే. పేరు మాత్రం ఇంకా ఫ్లెక్సీయే.

మాస్టారు ఎర్ర కలం పట్టుకుని దిగివచ్చి, దాన్ని చూసి, ఎక్కడ దిద్దాలో తెలియక నిలబడిపోయారు. బట్టల వ్యాపారి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కాంట్రాక్టరుగారు మా ఆయనకు శాలువా కప్పారు. విప్పేద్దామని వాచ్‌మన్ తాడు మీద చెయ్యి వేసేలోగానే కార్ల వరస మలుపు తిరిగింది.

ఎమ్మెల్యేగారు దిగారు. కల్వర్టు వైపు చూడలేదు, గెడ్డ వైపు అసలే చూడలేదు. ఫ్లెక్సీ ముందు ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని, పైనుంచి కింది దాకా చదివారు. నవ్వు విప్పారింది. మా ఆయన భుజం తట్టి, "మీలాంటివారు పార్టీకి కావాలండీ, వార్డు కమిటీలో చూద్దాం" అన్నారు. మా ఆయన "అలాగే" అన్నారు. నేను తల పట్టుకున్నాను.

అంతలో ఎమ్మెల్యేగారి నవ్వు కొద్దిగా ముడుచుకుంది. అంకె దగ్గరికి వెళ్ళి మరొకసారి చూశారు.

"మాస్టారూ, తొంభై ఏడేనా? ఆ మూడూ ఎందుకు పోయాయి?"

మాస్టారు ఉన్నదున్నట్టు ఆవులింత సంగతి చెప్పేశారు. ఎమ్మెల్యేగారి మొహంలో రక్తం ఇంకిపోయింది. "అది ఆవులింత కాదు మాస్టారూ, జై కొట్టబోయాను. ఇది పైవాళ్ళు చూశారంటే..." అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. పీఏ ఆయన్ను దాటుకుని ముందుకు వచ్చి, మాస్టారి చెవి దగ్గర వంగి, ఎంతో వినయంగా అడిగాడు.

"రీవాల్యుయేషన్ ఫీజు ఎంత మాస్టారూ?"