అబార్షన్ తప్పా అన్నది ఒక ప్రశ్న, నేరం కావాలా అన్నది ఇంకో ప్రశ్న

అబార్షన్‌ను వ్యతిరేకించేవాళ్లందరినీ మతఛాందసులని కొట్టిపారేయడం తేలిక. కానీ వాళ్ల వాదనల్లోకెల్లా గట్టిదానికి దేవుడితో, ఆత్మతో పనే లేదు. అమెరికన్ తత్వవేత్త డాన్ మార్క్విస్ 1989లో ఆ వాదన చేశాడు. మనిషిని చంపడం ఎందుకు తప్పు? అతను బతకబోయే బతుకంతా, అందులోని పనులూ అనుబంధాలూ ఆనందాలూ అన్నీ ఒక్కసారిగా లాగేసుకుంటున్నాం కాబట్టి. అలాంటి భవిష్యత్తే పిండానికీ ఉంది. కాబట్టి దాన్ని తీసేయడమూ తప్పే అంటాడు. పిండానికి ఆలోచన లేదు కదా అన్న జవాబు ఇక్కడ సరిపోదు. కోమాలో ఉండి రేపో మాపో కోలుకునే రోగికీ ఈ క్షణాన ఆలోచన లేదు, అయినా అతన్ని చంపడం హత్యే.

అబార్షన్ చట్టబద్ధంగానే ఉండాలని నమ్మే నేను ఈ వాదనను తేలిగ్గా తీసుకోలేను. "అది కణాల ముద్దే కదా" అన్న మాట ఆరో వారంలో కొంతవరకు చెల్లుతుందేమో, ఇరవై రెండో వారంలో చెల్లదు. మనవైపు వాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా అవతలివాళ్లకు బలం ఇస్తున్నారు.

దీనికి అసలైన జవాబు పిండం మనిషి కాదని నిరూపించడంలో లేదు. జూడిత్ జార్విస్ థామ్సన్ అనే తత్వవేత్త 1971లోనే దారి మార్చింది: పిండం మనిషేనని ఒప్పుకుందాం, అయినా ఇంకొకరి శరీరాన్ని వాడుకునే హక్కు దానికి ఉందా? కన్నబిడ్డ ప్రాణం తండ్రి కిడ్నీ మీద ఆధారపడి ఉన్నా, దాన్ని బలవంతంగా తీసుకోమని చట్టం చెప్పదు. ఇవ్వనన్న తండ్రిని మనం తిట్టుకుంటాం, అసహ్యించుకుంటాం, కానీ జైల్లో పెట్టం. తొమ్మిది నెలల గర్భం, ఆపై ప్రసవం అంటే శరీరం మొత్తాన్ని అప్పగించడమే. మగవాడి నుంచి ఎప్పుడూ అడగనిదాన్ని ఆడవాళ్ల నుంచి మాత్రం చట్టం ఎలా అడుగుతుంది?

దీనికీ ఎదురువాదం ఉంది. కిడ్నీ ఇవ్వకపోవడమంటే చావును ఆపకపోవడం, అబార్షన్ అంటే చంపడం. పైగా ఆ గర్భం రావడంలో ఆమె పాత్ర కూడా ఉంది. మొదటి మాటలో బరువుందని ఒప్పుకుంటాను. రెండోది మాత్రం నిలవదు. నూటికి నూరుపాళ్లు పనిచేసే గర్భనిరోధక పద్ధతి ఏదీ లేదు, ఒక రిస్కు తీసుకోవడమంటే దాని ఫలితాన్ని తొమ్మిది నెలలు మోస్తానని మాట ఇవ్వడం కాదు. ఇంకోటి, నిషేధం కోరేవాళ్లలో చాలామంది అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి మినహాయింపు ఇస్తారు. పిండం పూర్తి మనిషే అయితే, ఎలా వచ్చిందన్న దాన్నిబట్టి దాని ప్రాణం విలువ తగ్గదు కదా. ఆ మినహాయింపు ఇచ్చిన క్షణమే ఆమె పరిస్థితిని కూడా తక్కెడలో వేస్తున్నట్టు ఒప్పుకున్నారు.

ఇంతవరకూ ఇది నైతిక చర్చ. ఇందులో మంచివాళ్లు రెండువైపులా ఉంటారు, ఉండనివ్వాలి కూడా. కానీ ఒక పని తప్పని నమ్మడానికీ, దాన్ని నేరం చేయడానికీ మధ్య ఇంకో ప్రశ్న ఉంది: నేరం చేస్తే ఏం జరుగుతుంది? దీనికి చరిత్ర చాలా వివరంగా జవాబు చెప్పింది.

రొమేనియాలో 1966లో నియంత చౌషెస్కు ప్రభుత్వం డిక్రీ 770తో అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధించింది. నలుగురు పిల్లలున్నవాళ్లకు, 45 ఏళ్లు దాటినవాళ్లకు, ఇంకా కొన్ని కేసుల్లో మాత్రమే మినహాయింపు. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. నిషేధం పనిచేయనే పనిచేయదని అనేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు. దాటేయకూడదు, మొదట్లో అది పనిచేసింది. కానీ కొన్నేళ్లకే జననాల రేటు మళ్లీ తగ్గుతూ వచ్చింది. జనం దొంగదారులు వెతుక్కున్నారు, ఆ దారుల్లో చచ్చిపోయారు. 1989 నాటికి ప్రతి లక్ష జననాలకు దాదాపు 170 మంది తల్లులు చనిపోయేవారు, అప్పటి యూరప్‌లో అంత ఘోరం ఇంకెక్కడా లేదు. ఆ డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. ఒక్క ఏడాదిలో ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోయింది.

తల్లి ప్రాణానికి ముప్పుంటే మినహాయింపు ఇస్తాం కదా అంటారు. ఆ మినహాయింపు ఎలా పనిచేస్తుందో ఐర్లండ్‌లో చూశాం. 2012 అక్టోబరులో సవితా హలప్పనవర్ అనే భారతీయ డెంటిస్టు 17 వారాల గర్భంతో గాల్వేలోని ఆసుపత్రికి వెళ్లింది. గర్భం నిలవదని డాక్టర్లే చెప్పారు. తీసేయమని ఆమె అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. వారం తిరిగేలోగా ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో (సెప్సిస్) ఆమె చనిపోయింది. అక్కడి డాక్టర్లు క్రూరులని నేను అనుకోను. ఆరోగ్యానికి ముప్పైతే వీల్లేదు, ప్రాణానికి ముప్పైతే వీలుందని చట్టం గీత గీసినప్పుడు, ఏ గంటకు ఏ డిగ్రీ జ్వరం దగ్గర మొదటిది రెండోదిగా మారుతుందో ఎవరు చెప్పగలరు? ముందే నిర్ణయం తీసుకుంటే జైలు, ఆగితే రోగి పోతుంది. అంత టెన్షన్ మధ్య వైద్యం జరగదు. 2018 రిఫరెండంలో ఐరిష్ ఓటర్లలో 66 శాతం మంది అబార్షన్‌ను అడ్డుకున్న ఆ రాజ్యాంగ నిబంధనను తీసేశారు.

మావైపు వాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. ఆడపిల్ల అని తెలిసి తీయించేస్తే? నిర్ణయం ఆమెదే అన్నాక కారణం ఎందుకు అడుగుతున్నారు? నాకు ఇది మింగుడుపడని ప్రశ్నే. అయితే దక్షిణ కొరియా అనుభవం చూడండి. అక్కడ 1953 నుంచే అబార్షన్ నేరం, కొద్దిపాటి మినహాయింపులు 1973లో వచ్చాయి. పిండం ఆడో మగో చెప్పకూడదని 1987లో ఆంక్ష కూడా పెట్టారు. అయినా 1990లో వందమంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. కాగితం మీది నేరం ఆడపిల్లల్ని కాపాడలేదు. 2000ల చివరికల్లా ఆ నిష్పత్తి మామూలు స్థాయికి వచ్చింది. ఆడవాళ్ల చదువు, ఉద్యోగాలు, వారసత్వంలో చోటు మారాక కొడుకే కావాలన్న పట్టు సడలింది. 2019లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అబార్షన్ చట్టాన్నే తప్పుబట్టింది.

ఇక ఎన్నో వారం వరకు అనుమతించాలన్న గడువు సంగతి. అర్జెంటీనా 14 వారాలంది, కొలంబియా 24 వారాలంది. జర్మనీలో చట్టం దృష్టిలో అది తప్పే అయినా, కౌన్సెలింగ్ తీసుకుంటే 12 వారాల వరకు శిక్ష లేదు. కడుపు బయట బతకగలిగే దశ వచ్చేకొద్దీ పిండం వైపు బరువు పెరగాలన్నది నా అభిప్రాయం. కానీ పెద్ద లోపాలు బయటపడే స్కానింగ్ సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య జరుగుతుంది. అలాంటి కేసుల్లోనూ 12 వారాలకే తలుపు మూసేస్తే, ఆ రిపోర్టు ఎవరికి ఉపయోగం?

చట్టం ఇచ్చినంత మాత్రాన సేవ అందదన్న దానికి ఇటలీయే ఉదాహరణ. 1978 నుంచి అక్కడ 90 రోజుల వరకు అబార్షన్ చట్టబద్ధం. మనస్సాక్షి ఒప్పుకోని డాక్టర్ తప్పుకోవచ్చు, అది సరైన నిబంధనే. ఎవరినీ బలవంతపెట్టకూడదు. అయితే గైనకాలజిస్టుల్లో 60 శాతానికి పైగా ఆ కారణంతోనే తప్పుకున్నారు. ఒక ఆసుపత్రిలో ఎవరూ లేకపోతే ఇంకో ఊరు వెళ్లాలి, ఈలోగా 90 రోజుల్లో రోజులు తరిగిపోతుంటాయి. మనస్సాక్షి మనిషికి ఉంటుంది, ఆసుపత్రికి కాదు. ఆ పని చేసే డాక్టర్ కనీసం ఒక్కరైనా ఉండేలా చూసే బాధ్యతను ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి మీదా చట్టమే పెట్టాలి.