చెవిలో టైటానియం: అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

వినికిడి కోసం చెవి లోపలి చిన్న ఎముకలను సరిచేసే ఆపరేషన్ అనగానే హైదరాబాద్‌లో చాలామంది ముందు అడిగేది "పెట్టేది టైటానియమేనా?" అని. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లినా, కార్పొరేట్ ఆసుపత్రిలో ప్యాకేజీ కనుక్కున్నా అదే టెన్షన్. ఖరీదైనది పెడితే బాగా వినపడుతుందనే లెక్క ఇక్కడ కుదరదు.

ఏళ్ల తరబడి చీము కారిన చెవిలో ఎక్కువగా దెబ్బతినేది ఇన్‌కస్ కొస, అంటే శబ్దాన్ని లోపలికి మోసే మూడు చిన్న ఎముకల్లో మధ్యదాని కొస. అది అరిగిపోతే కర్ణభేరి కదలిక చివరి ఎముకైన స్టేపిస్ దాకా చేరదు. ఆ ఖాళీ పూడ్చడానికి 1950లలో ప్లాస్టిక్ వాడి చూశారు. 1970లలో సన్నని రంధ్రాలున్న పాలిథిలీన్ వచ్చింది. చాలా చెవుల్లో అవి కర్ణభేరిని తొలుచుకుని బయటికొచ్చేశాయి. చనిపోయినవారి ఎముకల వాడకం ఇన్ఫెక్షన్ల భయంతో తగ్గిపోయింది. ఇంకో పదార్థం హైడ్రాక్సీఅపటైట్, మన ఎముకల్లో ఉండే ఖనిజమే కాబట్టి శరీరానికి పడుతుంది. కానీ పెళుసు, చెక్కబోతే విరుగుతుంది. 1990లలో వచ్చిన టైటానియం బరువు కొన్ని మిల్లీగ్రాములే. పైభాగంలో ఖాళీలుంటాయి కాబట్టి అమర్చేటప్పుడు కింద స్టేపిస్ సర్జన్‌కు కనపడుతూనే ఉంటుంది.

అంత మంచి లోహాన్నీ నేరుగా కర్ణభేరికి ఆనిస్తే బయటికి నెట్టుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే రోగి చెవి నుంచే తీసిన పలుచని మృదులాస్థి ముక్కను మధ్యలో పెడతారు. ప్యాకేజీ గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరెందుకో!

అసలు ఇన్‌కస్ కొంత మిగిలి ఉంటే, దాన్నే చెక్కి స్టేపిస్ మీద టోపీలా కూర్చోబెట్టొచ్చు. ఇంప్లాంట్ ఖర్చుండదు, సొంత ఎముక కాబట్టి శరీరం కాదనదు. చెవి లోపల చర్మం పేరుకుని పెరిగే కొలెస్టియటోమా అనే గడ్డ ఎముకను తినేసినప్పుడు మాత్రం దాన్ని మళ్లీ వాడటం మంచిది కాదు. స్టేపిస్ పైభాగం కూడా పోయి అడుగు పలక ఒక్కటే మిగిలిన చెవికి పొడవాటి టైటానియం కాడ నిజంగా అక్కరకొస్తుంది. అయితే అలాంటి చెవుల్లో వినికిడి ఫలితం సాధారణంగా తక్కువే. ముక్కు వెనక నుంచి చెవికి గాలి చేరకపోతే ఏ మెటీరియలైనా ఇబ్బందే.

కాబట్టి రోగి అడగాల్సింది స్టేపిస్ ఉందా, ఇన్‌కస్ పనికొస్తుందా అని. సీటీ స్కాన్‌తో కొంత తెలిసినా, చెవి తెరిచాకే ఖాయమవుతుంది. అలాంటప్పుడు ఇంప్లాంట్ డబ్బు ముందే ప్యాకేజీలో కలిపేయడం నా దృష్టిలో న్యాయం కాదు. వాడితేనే బిల్లు వేస్తామని ఎస్టిమేట్‌లో రాసివ్వాలి, డిశ్చార్జి కాగితంలో ఏం పెట్టారో పేరు, సైజుతో సహా ఉండాలి. రేపు ఎంఆర్‌ఐ తీయాల్సొస్తే రేడియాలజీ వాళ్లు మొదట అడిగేది అదే.