బావగారి కేబులు

హైదరాబాదుకి సముద్రం లేదన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఒక్క మా బావగారికి తప్ప. బ్యాంకు ఉద్యోగంలో ఎర్నాకుళంలో ఉన్న రోజుల్లో మరో ఇద్దరితో కలిసి ఒక పాత తెరచాప పడవ కొన్నారాయన. అందులో మూడోవంతు ఈయనది. ఏ మూడోవంతన్నది కాగితాల్లో రాసుకోలేదు గానీ, ఏది పాడైనా అది ఈయన వాటాలోనే తేలుతుంది. పడవేమో కొచ్చి బోల్గాట్టి దీవి మెరీనాలో, బావగారేమో పద్మారావునగర్ మూడో అంతస్తులో. మనసాగనప్పుడు ట్యాంక్‌బండ్ మీద నిలబడి, వానాకాలం గాలికి హుస్సేన్‌సాగర్‌లో ఏటవాలుగా దూసుకుపోయే లేజర్ అనే రకం చిన్న చిన్న తెరచాప పడవల్ని చూసి, "వీటికి ఇంజను లేదోయ్. యజమానులు హాయిగా నిద్రపోతారు" అని నిట్టూరుస్తారు.

తెరచాప పడవకి ఇంజనెందుకని నేనూ అడిగాను. గాలి పడిపోయినప్పుడు, రేవులో రెండు పడవల సందున దూరాల్సి వచ్చినప్పుడు కావాలట. చుక్కాని దగ్గర ఒకటే లివరు. నిలువుగా ఉంటే న్యూట్రల్, ముందుకి తోస్తే పడవ ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి, ఇంకాస్త తోస్తే వేగం. ఆ లివరు నుంచి ఇంజను దాకా రెండు కేబుళ్లు పోతాయి. ఒకటి గేరుది, రెండోది యాక్సిలరేటరుది. పడవకి బ్రేకుండదు, ఆపాలంటే రివర్స్ గేరే గతి. లివరు బిగుసుకుందంటే ఇక పక్కవాడి పడవే మనకి బ్రేకు.

డిసెంబర్లో వెళ్లినప్పుడు ఆ లివరు రెండు చేతులా తోస్తే గానీ కదల్లేదట. కేబులు పోయిందన్నారు బావగారు. ఏ కేబులని పడవలో అడిగేవాళ్లు లేరు. చేతికి ముందు అందిన యాక్సిలరేటర్ కేబుల్ని దోషిగా తేల్చి, రెండు కొసలూ విప్పి, బలమంతా పెట్టి లాగేశారు. పద్నాలుగడుగుల కేబులు బయటికొచ్చింది.

స్కూటరు కాలం నాటి జ్ఞానం ఒకటుంది ఆయన దగ్గర. కేబులు బిగిస్తే నూనె పొయ్యాలి. స్కూటరు క్లచ్ కేబులు లాగడానికే పనికొస్తుంది, వెనక్కి రప్పించడం స్ప్రింగు పని. పడవ కేబులు అలా కాదు, లాగాలి, తొయ్యాలి కూడా. అందుకే పైతొడుగు అంత గట్టిగా ఉంటుంది, లోపల తీగ నున్నగా జారడానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది. దానికి నూనె అక్కర్లేదు, పోస్తే దుమ్ము పట్టి ఇంకా చెడుతుంది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం కేబుల్ని తెరచాప స్తంభానికి వేలాడగట్టి, పాలిథిన్ సంచి మూల కత్తిరించి, పై కొసన నూనె పోశారు. కొచ్చిలో నూనె అంటే ఏ నూనో చెప్పాలా, కొబ్బరినూనె!

కేబులు శబరి ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో హైదరాబాదొచ్చింది. మర్నాడు పొద్దున్నే చలిలో స్వెట్టరు వేసుకుని, లోపలి తీగ లాగి చూశారు. కదల్లేదు. తోశారు. తీగ కదల్లేదు, బావగారే వెనక్కి వెళ్లారు.

"ఏమోయ్, రాణీగంజ్ వెళ్దాం పద."

ఆ కేబుల్ని ఎనిమిదంగుళాల కన్నా ఇరుకైన వంపు తిప్పకూడదట. పెద్ద చుట్టగా చుట్టి నా భుజానికి తగిలించారు. ఆటోలో సగం చుట్ట లోపల, సగం బయట. సిగ్నల్ దగ్గర పక్క బైకు అద్దం దాంట్లో ఇరుక్కుంది. ఆ బైకతను నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ వద్దు.

రాణీగంజ్‌లో దొరకని సామానుండదంటారు. కొట్టాయన కేబుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఏ బండిది సార్?"

"పడవది."

"హుస్సేన్‌సాగర్ల తిరిగేదా?"

"కాదయ్యా, కొచ్చిలో."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి కొచ్చిలనే కొనకపోయిన్రా సార్?"

బావగారి వైపు చూడకుండా నేను గోడ మీద క్యాలెండరు చదువుకున్నాను. పాపం ఆ మనిషి జేసీబీ కేబులొకటి తెచ్చి పక్కన పెట్టాడు. పొడవు చాల్లేదు, కొసల మరలు కలవలేదు. పోతూ పోతూ పాతదాన్నొకసారి లాగి చూసి, "గిది కేబుల్ కాదు సార్, కట్టె" అన్నాడు.

ఇంటికొచ్చి దాన్ని మేడ మీద పిట్టగోడకి ఆనించి భోజనానికి దిగాం. రెండింటికి బావగారు పైకెళ్లి ఒక్క కేక పెట్టారు. కేబులు బాగైపోయింది! తీగ వెన్నలా జారుతోంది. వెంటనే మిగతా ఇద్దరు వాటాదారులకీ ఫోన్లు వెళ్లాయి, తన వైద్యం ఫలించిందని. సాయంత్రం కింది వాటా వాళ్లకి చూపిద్దామని లాగితే మళ్లీ కట్టె.

ఈలోగా అక్కయ్య పిట్టగోడ మీద ఎండకి పెట్టిన తలనూనె సీసా తీసుకెళ్లడానికి వచ్చింది. సీసాని చూసింది, కేబుల్ని చూసింది.

"ఏమండీ, అందులో ఏం పోశారు?"

బావగారు జవాబివ్వలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని ఆయనకి తెలియక కాదు. అది తలకే వర్తిస్తుందనుకున్నారు.

అక్కయ్య అంతటితో ఊరుకోలేదు. "కొత్తది ఎలా దూరుస్తారు మరి? లాగేటప్పుడు దీని తోకకి తాడేదైనా కట్టారా?"

"తాడెందుకు?"

"లంగాకి బొందు మార్చేటప్పుడు పాతదాని కొసకి కొత్తది కట్టి లాగుతామండీ. ఊరికే లాగేస్తే మళ్లీ ఎక్కించడానికి పిన్నీసుతో పూటంతా పడుతుంది."

ఆ కేబులు దారి బల్లల కింద నుంచి, నీళ్ల ట్యాంకు వెనక నుంచి, ఎవరి చెయ్యీ దూరని సందులోంచి పోతుంది. ఇప్పుడా దారిలో కేబులూ లేదు, తాడూ లేదు.

సరిగ్గా అప్పుడే కొచ్చి నుంచి మెరీనా మెకానిక్ ఫోన్. స్పీకర్‌లో పెట్టారు. "సార్, మీరు ఒక కేబులు తీసుకెళ్లారు కదా. లివరు ఇప్పటికీ అలాగే బిగుసుకుని ఉంది. ఇంజను దగ్గర రెండో కేబులు కొస ఊడదీసి ఆడించి చూశాను. పోయింది గేరుది. చివర రబ్బరు సీలు పగిలి, ఉప్పునీళ్లు దూరి, లోపల తుప్పు పట్టింది. మీరు పట్టుకెళ్లింది మంచిదే!"

మేడ మీద కాసేపు ఎవరం మాట్లాడలేదు. బావగారు కేబుల్ని తిరగేసి, బోర్లేసి చూసుకున్నారు. క్రమంగా ఆయన ముఖం విప్పారింది.

"అయితే దీనికి డబ్బు దండగ లేదన్నమాట. కొచ్చిలో ఎలాగూ నూనె గడ్డకట్టదు."

రాత్రి భోజనాల దగ్గర శబరికి రెండు టికెట్లు తియ్యమన్నారు. రెండోది అక్కయ్యకేమో అనుకున్నాను. నాకట. నీళ్ల ట్యాంకు వెనక సందులో దూరేంత సన్నటి చెయ్యి మా రెండు కుటుంబాల్లో నాదేనట.