కన్నవారి సంతకం లేని పెళ్ళి చెల్లకూడదా?

కూతురు తనకిష్టమైనవాణ్ణి పెళ్ళాడిందని తండ్రే అల్లుణ్ణి చంపించాడన్న మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పింది. నరికిన కిరాయి హంతకుడికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. ఆ తరువాత మన జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూనే ఉంది. తల్లిదండ్రుల సంతకం లేని పెళ్ళి చెల్లకుండా చట్టం తేవాలన్నది దాని సారం. ఆ తండ్రిని అంతదాకా నెట్టింది కూతురేనని, పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళే నిలుస్తాయని, తమంతట తాము పెళ్ళాడడం మన సంప్రదాయంలో లేదని, ఇలాగే వదిలేస్తే రేపు మగవాళ్ళను మగవాళ్ళు పెళ్ళాడతారని అందులో రాశారు. పిల్లలకు పాఠాలు చెప్పేవారు కూడా దాన్ని పంచుతున్నారు. ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు ఆ కూతురి మీద వేసిన నింద సంగతి చూద్దాం. 2018 జనవరిలో ఇద్దరు మేజర్లు హైదరాబాద్ ఆర్యసమాజ్‌లో పెళ్ళి చేసుకున్నారు. సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటకు వస్తుండగా ప్రణయ్‌ను వెనకనుంచి వచ్చి నరికేశారు. పక్కనే అతని తల్లి ఉంది. కోటి రూపాయలకు బేరం కుదిరిందని పోలీసులు చెప్పారు. మధ్యవర్తులను పెట్టారు, బిహార్ నుంచి కిరాయి హంతకుణ్ణి రప్పించారు. ఇది క్షణికావేశంలో చెయ్యెత్తిన తండ్రి కథ ఎలా అవుతుంది? బేరం మొదలైన రోజు నుంచి కత్తి దిగిన రోజు వరకు ఏ క్షణంలోనైనా ఆపే వీలు ఉండింది. కడుపుకోత అని సందేశంలో మూడుసార్లు రాశారు. ఆ మాట ప్రణయ్ తల్లి గురించి ఒక్కసారైనా రాయలేదు. ప్రణయ్ దళితుడన్న సంగతి అందులో ఎక్కడా లేదు. ఆ ఒక్క సంగతీ దాచేస్తేనే ఈ హత్యను తల్లిదండ్రుల ప్రేమగా చూపించడం సాధ్యమవుతుంది.

ఇక చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే కన్నవారి సంతకం అక్కర్లేదు. సంరక్షకుల సమ్మతి అనే నిబంధన 1955 హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. అది 18 నిండని వధువు కోసం పెట్టింది. 1978లో ఆమె పెళ్ళి వయసును 18కి పెంచినప్పుడు దానితో పనిలేక తీసేశారు. ఈ సందేశం కోరుతున్నది దానికన్నా వెనక్కి పోవడం, పాతికేళ్ళ మనిషిని కూడా మైనరుగా లెక్కకట్టడం. కులాంతర వివాహాలు చెల్లుతాయని 1949లోనే చట్టం వచ్చింది. పరువు హత్యలపై శక్తి వాహిని అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 27న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఇద్దరు మేజర్లు ఒప్పుకున్నాక కుటుంబం, కులం, వంశం సమ్మతి అవసరం లేదు. బెదిరింపులున్న జంటల కోసం జిల్లాకో ప్రత్యేక విభాగం, రక్షణ గృహాలు ఏర్పాటు చేయమంది. ఆ తీర్పు వచ్చి ఆరు నెలలైనా నిండకముందే మిర్యాలగూడలో ఆ రక్తం పారింది.

"పెద్దలకు అన్నీ తెలుసు." కొన్ని తెలుస్తాయి, కాదనను. సంబంధం వెతికేటప్పుడు వాళ్ళ అనుభవం అక్కరకొస్తుంది. కానీ సలహా ఇచ్చే హక్కు వేరు, అడ్డుపడే అధికారం వేరు. ఆ అధికారం ఏం చేయగలదో పాలమూరుకు చెప్పనక్కర్లేదు. నారాయణపేట, మక్తల్ వైపు దళిత ఆడపిల్లలను జోగినులుగా, అంటే పెళ్ళి లేకుండా ఊరి మగవాళ్ళ పాలయ్యేలా, దేవతకు ముడిపెట్టింది పెద్దలే. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవలసి వచ్చింది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ళ మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. వాటిలో అత్యధికం పెద్దల సమ్మతితో, పెద్దల చేతుల మీదుగా జరిగినవే.

నిలిచే పెళ్ళిళ్ళ లెక్కకు ఎక్కువ మాటలు అనవసరం. పుట్టింటికి రావద్దన్నారని, చేతిలో రూపాయి లేదని దెబ్బలు తింటూ ఉండిపోయిన స్త్రీ కాపురాన్ని కూడా నిలిచిన పెళ్ళిగానే లెక్కేస్తున్నారు.

సంప్రదాయమంటారా? మనుస్మృతి చెప్పిన ఎనిమిది వివాహాల్లో ఇద్దరూ ఇష్టపడి చేసుకునే గాంధర్వం ఒకటి. ఈడేరిన కన్య మూడేళ్ళు వేచి చూసి, ఆ తరువాత తనకు తగినవాణ్ణి తానే వరించవచ్చని అదే గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. కులాన్ని నిలబెట్టిన ఆ గ్రంథం మీద ఈ హక్కును ఆధారపడనివ్వను. సంప్రదాయం పేరు చెప్పేవారు దాన్ని పూర్తిగా చదవలేదని మాత్రం అంటాను. నల్లగొండకు తనదైన సంప్రదాయం కూడా ఉంది. సాయుధ పోరాటం నడిచిన ఈ నేల మీద మేళతాళాలు, ముహూర్తాలు లేకుండా సభలో దండలు మార్చుకుని ఒకటైన దంపతులు ఎందరో.

చివరి బెదిరింపు స్వలింగ జంటల గురించి. అవును, వాళ్ళూ అడుగుతున్నారు. ఈ హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ వాసులే. 2023 అక్టోబరు 17న కోర్టు వాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు, అది పార్లమెంటు పని అంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీ పురుషుణ్ణి పెళ్ళాడవచ్చని మాత్రం అదే తీర్పులో చెప్పింది. నా దృష్టిలో ఆ తిరస్కారం అన్యాయం. ఇరవయ్యేళ్ళు కలిసి బతికిన ఇద్దరిలో ఒకరు పోతే, వీలునామా లేకుంటే రెండోవారికి వారసత్వం లేదు, కుటుంబ పెన్షన్ లేదు. ఆ హక్కులు వాళ్ళకు దక్కితే మీ ఇంటి పెళ్ళికి ఏం తక్కువవుతుంది?

చట్టం మారాలన్న మాట ఒక్కటే ఆ సందేశంలో నిజం, కానీ వాళ్ళు కోరే దిక్కుకు కాదు. మతాలు వేరైనవారు మతం మారకుండా పెళ్ళాడే వీలిచ్చే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేసుకోవాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. జంట పేర్లు, చిరునామాలతో దాన్ని అందరికీ కనబడేలా కార్యాలయంలో అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. వయసు, మతిస్థిమితం, ఇదివరకటి పెళ్ళి, నిషిద్ధ బంధుత్వం వంటి కారణాలతో తప్ప ఎవరూ అభ్యంతరం పెట్టకూడదు. అయినా ఆ కాగితం చూసిన ఒక్క బంధువు ఇంటికి ఫోను చేస్తే చాలు, అమ్మాయిని గదిలో పెట్టి తాళం వేయడానికి 30 రోజులు ఎక్కువ. అందుకే మతాలు వేరైన జంటలు ఇళ్ళు వదిలి పారిపోతున్నాయి, లేదా ఇద్దరిలో ఒకరు మతం మార్చుకుంటున్నారు. ఎత్తివేయవలసింది ఆ నోటీసు.