ఇంకని ఇంకుడు గుంత

మా ఊరి హనుమాన్ గుడి మలుపులో ఒక గుంత ఉంది. మీ ఊళ్లోనూ ఉంటుంది, కాదనను. కానీ మా గుంతకు ఒక హోదా ఉంది. కొరియర్ కుర్రాడికి "గుంత దాటినంక ఎడమ చేతికి రెండో ఇల్లు" అని చెబితే తిన్నగా వచ్చేస్తాడు. ఇంటి నంబరు చెబితే మాత్రం ఊరంతా తిరుగుతాడు. ఈ మధ్య మా వాళ్లకు పిల్లనిచ్చేవాళ్లు కూడా పొలమెంత అని అడిగాక, ఇల్లు గుంతకు ఇవతలా అవతలా అని అడుగుతున్నారు. అవతలైతే రాత్రిపూట అంబులెన్స్ రాదని వాళ్ల టెన్షన్.

ఈ వ్యాసం రాస్తున్నది గుంత పూడ్చమని అడగడానికి కాదు. అంత తొందరపాటు మనుషులు ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, ఆ పని వాళ్లు చూసుకుంటారు. పదడుగుల గుంత వెనక ఎంత పెద్ద యంత్రాంగం రాత్రింబవళ్లు పనిచేస్తోందో నలుగురికీ తెలియాలని, అంతే.

మొదట రాజ్యాంగం సంగతి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతోపాటే పదకొండో షెడ్యూల్ వచ్చింది, అందులో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయి. 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, పడవ రేవులు, జలమార్గాలు. చివరి రెండూ చదివినప్పుడు మా మలుపు కళ్ల ముందు కదిలింది, రాసినవాళ్లకు ఎంత ముందుచూపు! అయితే ఈ అధికారాలను రాష్ట్రాలు పంచాయతీలకు ఇచ్చి తీరాలని 243జి అధికరణంలో లేదు. ఇవ్వవచ్చు అని ఉంది. "వచ్చు". రెండే అక్షరాలు. ముప్ఫై ఏళ్లకు పైగా మా ఊరి రోడ్డు ఆ రెండక్షరాల మీదే నడుస్తోంది.

గుంత ఎవరిదన్నది ఇంకా లోతైన ప్రశ్న. ఊరి లోపలి సీసీ రోడ్డు పంచాయతీది. ఊరి బయటికి పోయే డాంబర్ రోడ్డు ఒక ఇంజినీరింగ్ శాఖది. అది వెళ్లి కలిసే పెద్ద రోడ్డు ఇంకో శాఖది. మా గుంత సరిగ్గా సీసీ అయిపోయి డాంబర్ మొదలయ్యే చోట పుట్టింది. జాగా చూసుకుని పుట్టడమంటే అదీ! నిరుడు ఎండాకాలం ఇంజినీరు సారు వస్తే మా కారోబార్ (పంచాయతీ గుమాస్తా) సున్నంతో గీత గీసి హద్దు చూపించాడు. ఒక వంతు మా వైపు, రెండు వంతులు వాళ్ల వైపు.

"మా వాటా మేం పూడ్చుకుంటం, మీ వాటా మీరు పూడ్చుండ్రి సార్" అన్నాడు మాజీ వార్డు మెంబరు.

సారు చాలాసేపు ఆలోచించారు. "గుంతల మూడో వంతు పూడ్చేటందుకు రేటు లేదయ్యా" అన్నారు.

వానలు పడ్డాక ఆ గీత మునిగిపోయింది. మళ్లీ హద్దు తేల్చాలంటే మార్చి దాకా ఆగాలి.

ఆ రోజే టేపు పెట్టి కొలిచారు. పొడవు 11 అడుగులు, వెడల్పు 7, నడిమధ్యలో లోతు అడుగుకు రెండంగుళాలు తక్కువ. ఎస్టిమేట్ తయారై, పైకి వెళ్లి, సంతకాలై దిగేసరికి దసరా దాటింది. అప్పటికి గుంత 14 అడుగులు. పాత కొలతలతో కొత్త గుంత పూడిస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాలట. న్యాయమే కదా. మళ్లీ కొలిచారు. గుంత వానకోసారి పెరుగుతోంది, ఎస్టిమేట్ ఏడాదికోసారి పెరుగుతోంది. దాన్ని ఇది అందుకోవాలంటే గుంతే కొన్నాళ్లు ఆగి సహకరించాలి.

ఈ డాంబర్ రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసింది. 2000 డిసెంబర్ 25న మొదలైన పథకం అది. వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు బాగోగులు చూడాలన్నది అందులో నియమం. మా రోడ్డు ఆ ఐదేళ్లూ బుద్ధిగా ఉంది. ఆరో ఏడు వానాకాలం రాగానే తనకు స్వేచ్ఛ వచ్చిందని దానికి ఎవరు చెప్పారో తెలియదు. ఐదేళ్ల నిర్వహణ అని రాసిన బోర్డు మాత్రం ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉంది. మేకలు వీపు గోక్కున్నా కదలదు. ఆ బోర్డు దిమ్మె కట్టిన మేస్త్రీ ఎవరో గానీ, రోడ్డు కూడా అతని చేతే వేయించాల్సింది.

గుంత పుట్టడానికి అదృష్టం ఒక్కటే సరిపోదు, నీళ్లు కావాలి. డాంబర్‌కు బండ్లంటే అంత భయం లేదు, నీళ్లంటేనే భయం. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా వేసేది అందుకే. నీళ్లు జారి మోరిలోకి పోవాలి. మా మలుపులో మోరి లేదు కాబట్టి నీళ్లు రోడ్డు మీదే కాపురం పెట్టాయి. చిన్న పగులు దొరికితే చాలు, కిందికి దిగుతాయి. కింద మట్టి, కంకర మెత్తబడతాయి. పైన ట్రాక్టర్ టైరు పడ్డప్పుడల్లా ఆ నీళ్లు మట్టిని వెంటబెట్టుకుని పైకి చిమ్ముతాయి. ఇక ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, చేయలేదు కూడా.

పాపం అంతా సర్కారు మీదే వేయడం న్యాయం కాదు, మేమూ చేతనైన సాయం చేశాం. గుడి పక్క నాలుగిళ్ల బాత్‌రూం పైపులు రోడ్డు మీదికే తిప్పి ఉన్నాయి. (అందులో ఒకటి మాది. మోరి వచ్చాక తిప్పుదామని ఆగాం.) నాట్లప్పుడు పొలంలో దిగిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) విప్పకుండానే డాంబర్ మీద దడదడలాడుతూ ఇంటికొస్తాయి, విప్పి మళ్లీ బిగించాలంటే గంట పని మరి. వినాయక చవితికి పందిరి గుంజల కోసం సీసీ రోడ్డుకు ఏటా కొత్త రంధ్రాలు పెడతాం. నిరుటి రంధ్రాలు వాడుకుందామని ఎవరైనా అంటే భక్తి తక్కువనుకుంటారని భయం.

ఇక వరి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. రోడ్డు బాగున్న చోట మేం వడ్లు ఆరబోస్తాం, బాగాలేని చోట నాట్లు వేస్తాం. మొన్న శ్రావణంలో యువకులు పదిమంది మోకాళ్ల దాకా ప్యాంట్లు మడిచి గుంతలో వరి నారు నాటారు. ఫొటోలు దిగారు, వాట్సాప్‌లో పెట్టారు. ఒకాయన జిల్లా పేపర్లో కూడా పడ్డాడు. అధికారులు స్పందించకముందే బర్రె స్పందించింది. మూడో రోజుకు నారంతా మేసింది. ఆ మూడు రోజులూ బండ్లవాళ్లు నారును తొక్కకుండా పక్కనుంచి పోయారు, కాబట్టి ఎవరూ పడలేదు. రోడ్డు భద్రత మీద ఇంతకంటే మంచి ప్రయోగం ఈ మండలంలో జరిగినట్టు నాకు తెలియదు.

డబ్బుల దగ్గరికి వద్దాం. కేంద్రం డబ్బు ఎవరికెంతో లెక్క చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఊళ్లకిచ్చిన డబ్బులో 60 శాతానికి షరతు పెట్టింది. సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటి వాటికే ఖర్చు పెట్టాలంది. మిగిలిన 40 శాతంలోంచే వీధిదీపాలూ, రోడ్లూ, ఇంకా పంచాయతీకి గుర్తొచ్చినవన్నీ. గ్రామసభలో ఈ లెక్క విన్నాక మా రిటైర్డ్ హెడ్మాస్టరు సారు లేచారు.

"మేడం, గుంతల నీళ్లు నిలుస్తున్నయా లేదా?"

"నిలుస్తున్నయి సార్" అంది సెక్రెటరీ మేడం.

"అవి వాననీళ్లా, మోరి నీళ్లా?"

"రెండూ ఉన్నయి సార్."

"మోరి నీళ్లైతే పారిశుధ్యం పద్దు. వాననీళ్లైతే వాననీటి పద్దు. ఎట్ల చూసినా అరవై శాతం ఆ గుంతదే!"

సభ చప్పట్లు కొట్టింది. పైగా ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకోమని ఉపాధి హామీలో డబ్బులిచ్చిన రోజులున్నాయి, ఇదేమో పైసా ఖర్చు లేకుండా తనంతట తనే తయారైంది. మేడం ఫోన్లో చాలాసేపు వెతికి, ఇంకుడు గుంతంటే నీళ్లు ఇంకాలి సార్, మనది ఇంకట్లేదు, అంది. ఆ ఒక్క సాంకేతిక లోపం వల్ల పథకం చేజారింది.

దాని తర్వాత గుంతకు స్వర్ణయుగం వచ్చింది. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత సర్పంచుల గడువు తీరింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యే దాకా తెలంగాణ పంచాయతీలను ప్రత్యేకాధికారులు చూశారు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఢిల్లీ నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బులు ఆగాయి. పంచాయతీ ట్రాక్టర్ డీజిల్ లేక షెడ్డులో నిద్రపోయింది. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. మా మాజీ సర్పంచ్ అన్న ఒకరోజు హోటల్ దగ్గర చాయ్ తాగుతూ "నేను ఊరికి రోడ్డేసిన, ఊరు నన్ను రోడ్డు మీదేసింది" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. పనులకు తెచ్చిన అప్పు మీద మిత్తి (వడ్డీ) ఎంతైందో అడగడానికి నాకు నోరు రాలేదు.

ప్రత్యేకాధికారిని తప్పు పట్టను. ఆయన అసలు ఉద్యోగం వేరు, మాతో కలిపి నాలుగు ఊళ్లు నెత్తిన పడ్డాయి. వచ్చినప్పుడల్లా గుంత దగ్గర బండి ఆపి, దిగి, నడిపించుకుంటూ దాటేవారు. దానికి అంత మర్యాద ఇచ్చిన అధికారి మళ్లీ రాలేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్ పదవికే ఎసరు. మొక్కలకు నీళ్లు పోయడానికి ట్యాంకర్ పెట్టి మనుషులను పెట్టినా ఆ లెక్క అందుకోవడానికి కిందా మీదా పడ్డాం. గుంతలకు ఎవరూ ఏమీ పోయలేదు. నూటికి నూరు శాతం బతికాయి.

ఇప్పుడు కొత్త సర్పంచ్ వచ్చారు. అదే చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. మా ఊళ్లో ఆ ఇద్దరూ ఉపసర్పంచ్ ఎన్నిక నాటి నుంచి మాట్లాడుకోవడం లేదు. కారోబార్ చెక్కుబుక్కు పట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతుంటాడు, మధ్యలో గుంత దాటుకుంటూ. అయినా మొన్నటి గ్రామసభలో ఒక తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది, ఇద్దరూ సంతకం పెట్టారు. గుంత దగ్గర "ముందు గుంత ఉన్నది, మెల్లగా పోవలెను" అని బోర్డు పెట్టాలి.

సోమవారం పొద్దున పనివాళ్లు వచ్చారు. రోడ్డు పక్కన రెండడుగుల లోతు గుంత తవ్వారు, బోర్డు గుంజ కోసం. పది గంటలకు కంకర, ఇసుక, రెండు బస్తాల సిమెంట్ దిగాయి. గుంజ నిలబెట్టి మాల్ పోసి కుదించారు. తవ్విన గుంత అరగంటలో పూడింది. నేను దగ్గరుండి చూశాను, ఈ ఊళ్లో గుంత పూడటం చూసి చాలా ఏళ్లయింది. ఇంకా నాలుగు తట్టల మాల్ మిగిలింది.

"మేస్త్రీ, గది గా పెద్ద గుంతల పోయరాదే" అన్నాను.

"అది ఎస్టిమేట్ల లేదు సార్" అన్నాడు.

మిగిలిన మాల్‌ను గుడి గోడ పక్కన కుప్ప పోశాడు. తాపీ, తట్టలు ఆ పెద్ద గుంత నీళ్లలోనే కడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.