ఎనిమిదేళ్ల పిల్లకు రెండు గంటల సాధన ఒక్క బిగిన ఎందుకు?
ఎనిమిదేళ్లకే రోజూ రెండు గంటలు కదలకుండా కూర్చోబెడితేనే కర్ణాటక సంగీతం వస్తుందన్న మాటతో ఏకీభవించలేను. ఆ వయసు గొంతు కొద్దిసేపు శ్రద్ధగా పాడాక అలుస్తుంది, ఆ తర్వాత పాడేదంతా తప్పులకు అలవాటు పడటమే. పొద్దున బడికి ముందు ఇరవై నిమిషాలు, సాయంత్రం ఆటయ్యాక మరో ఇరవై చాలు. ఆ ఆట గంటను మాత్రం సంగీతం కోసం కోయకండి. అసలు చిక్కు సమయంలో లేదు, తొందరలో ఉంది. మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి వరస (స్వరాల తొలి పాఠం) ఆదితాళం ఎనిమిది దెబ్బలకు దెబ్బకో స్వరం చొప్పున నిలకడగా రాకముందే మూడో కాలం (మూడో వేగం) పాడిస్తారు. దెబ్బకు నాలుగు స్వరాలు పడేసరికి శుద్ధ రిషభం (రి), శుద్ధ ధైవతం (ధ) పైకి జారిపోతాయి, తాళం వేసే చెయ్యి పాటను వదిలి పరుగెడుతుంది. తంబురా శ్రుతి పెట్టుకుని రోజుకు రెండే వరసలు, ఒక్కోటి మొదటి రెండు కాలాల్లో నాలుగేసి సార్లు పాడించండి, తప్పిన చోట ఆ రెండు స్వరాలే మళ్లీ పట్టించండి. వయొలిన్ అయితే పెద్ద సైజు కొనకండి, చేతి కొలతకు సరిపడే చిన్న సైజు, ఈ వయసుకు సాధారణంగా అరసైజు, కావాలి. లేకపోతే చిటికెన వేలు అందక మణికట్టు వంగిపోతుంది, ఆ వంపు తర్వాత దిద్దడం చాలా కష్టం. మగపిల్లలకు సాధారణంగా పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారేటప్పుడు తారస్థాయి (పై స్థాయి స్వరాలు) పూర్తిగా ఆపించి, శ్రుతి తగ్గించి, తాళం, స్వరం రాయడం, వినడం మీద పెట్టాలి. అప్పుడు బలవంతంగా పాడించిన గొంతు బొంగురుపోవచ్చు.