మా మిద్దె మీద రెండేళ్ల తనిఖీ అధికారి

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన పెద్దలు అడిగి ఊరుకున్నారు. మా ఇంటి దూడ చేలోనే మేస్తోంది, అందుకు నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆవు ఎంత మేసిందో, ఏ మూల మేసిందో, పక్కవాడి చేలో ఎప్పుడు తల పెట్టిందో నలుగురి ముందూ నటించి మరీ చూపిస్తోంది. ఈ సంగతి ముందే హెచ్చరించని సామెత మీద నాకు గౌరవం పోయింది.

నాకున్న ఏకైక వ్యసనం మిద్దె తోట. డాబా మీద 40 కుండీలు, కొన్ని గ్రో బ్యాగులు, ఓ మూల సొర పాదుకి పందిరి. మావాడికి మొన్ననే రెండేళ్లు నిండాయి. వాడికీ ఇదే పిచ్చి పట్టిందని తెలిసిన రోజు బంధువులందరికీ ఫోన్ చేసి చెప్పాను. అచ్చం తండ్రి పోలికే అన్నారు. ఆ మాటలో ఎంత ప్రమాదం ఉందో అప్పుడు తట్టలేదు.

చిన్న చెంబుతో నీళ్లు పోస్తాడు. టమాటాకి పోస్తాడు, వంగకి పోస్తాడు, నా చెప్పులకీ పోస్తాడు. అంతవరకూ సంతోషమే. కానీ చెంబు ఎత్తే ముందు నడుం మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, "అబ్బా... అమ్మా" అని మూలుగుతాడు. రెండేళ్ల నడుముకి నొప్పేమిటని మా ఆవిడకి టెన్షన్ పట్టుకుంది, డాక్టర్‌కి చూపిద్దామంది. నేను వద్దన్నాను. రోజూ నన్ను చూస్తున్నాడు కదా, మూలక్కుండా పోస్తే మొక్క తాగదని వాడి నమ్మకం.

దీనికి శాస్త్రం కూడా ఉంది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెట్టెలో బహుమతి పెట్టి, దాన్ని తీసే పద్ధతిని చింపాంజీలకీ, మూడు నాలుగేళ్ల పిల్లలకీ చూపించారు. అందులో కావాలనే ఒక పనికిమాలిన పని కలిపారు: ముందు పెట్టె పైభాగాన కర్రతో పొడవాలి. లోపలంతా కనపడే పెట్టె ఇచ్చాక, ఆ పొడవడం దండగని చింపాంజీలు పసిగట్టి నేరుగా అసలు పనికి దిగాయి. మన పిల్లలు మాత్రం శ్రద్ధగా పొడిచి మరీ తీశారు. ఇది చదివాక నాకు దిగులేసింది. మావాడి స్థానంలో చింపాంజీ ఉంటే నా పరువు దక్కేది.

అసలు 1931లోనే అమెరికాలో విన్‌త్రోప్ కెలాగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చింపాంజీ మనిషిలా తయారవుతుందేమో చూద్దామని, గువా అనే చింపాంజీ పిల్లని తెచ్చి తన కొడుకుతో పాటు పెంచాడు. ఈలోగా కొడుకే చింపాంజీలా అరవడం మొదలుపెట్టాడు. తొమ్మిది నెలలకు ప్రయోగం ఆపి గువాని వెనక్కి పంపేశారు. మా ఇంట్లో ఎవర్ని వెనక్కి పంపాలా అని మా ఆవిడ ఆలోచిస్తోంది.

ఇక సొర పాదు. సొర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. డాబా మీద పురుగూ పుట్రా తక్కువ కాబట్టి, మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి మనమే అద్దాలి. వాడి ఎదురుగా ఒక్కరోజు అద్దాను. మర్నాడు దొరికిన మగ పువ్వులన్నీ కోసి తలుపు గొళ్లేనికీ, నీళ్ల పంపుకీ, వాళ్ల నాయనమ్మ ముక్కుకీ అద్దాడు. ముక్కుకి ఏమీ కాయలేదు. పాదుకీ కాయలేదు, ఉన్న పిందెలు పసుపెక్కి రాలిపోయాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం. మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం కాయల ఫొటోలు పెడతాం. ఊరికే ఉంటే బాగోదని, రైతుబజారు నుంచి ఓ లేత సొరకాయ తెచ్చి, తెల్ల దారంతో పందిరికి వేలాడదీసి ఫొటో తీశాను. తర్వాత కోసుకుని కిందికి తెచ్చి మా ఆవిడకిచ్చాను. దీన్ని మోసం అనకండి, పాదుకి ధైర్యం చెప్పడం. మావాడు ఆ సమయంలో మట్టి తింటున్నాడు. తినేవాడు చూడడనుకున్నాను.

ఫొటో చూసి మా మామగారు దుగ్గిరాల నుంచి దిగారు. పసుపు పండించే మనిషి. ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్లేసరికి తులసి కోటలో ఉల్లిపాయ, గులాబీ కుండీలో బంగాళాదుంప, మిరప కొమ్మల మధ్య ఇరికించిన క్యారెట్టు. మావాడు నడుం మీద చెయ్యేసి మూలిగి, గొంతుక్కూచుని, టీవీ రిమోటు కంటికి ఆనించి "పోతో" అన్నాడు. తర్వాత మిరప మొక్క నుంచి క్యారెట్టు కోసి, పరిగెత్తుకుంటూ వెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టి, "మన కాయ!" అన్నాడు.

"ఏవండీ, పోయిన ఆదివారం కూర రుచే వేరన్నారు..." అని మా ఆవిడ ఆగిపోయింది.

మామగారు పందిరి వైపు చూశారు. నేను విప్పడం మర్చిపోయిన తెల్ల దారం గాలికి ఊగుతోంది.

"అల్లుడుగారూ, మీ పాదు కాయకంటే ముందు దారం కాస్తుందా?"

నేను నడుం మీద చెయ్యేసుకుని "అబ్బా... అమ్మా" అన్నాను. వాడూ అన్నాడు.